ఐదో నక్షత్రం ఎవరికి?

నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ఒక వీధి వీధంతా ఆయన్ని ‘కల్నల్ సాబ్’ అని పిలుస్తుంది. వైమానిక దళంలో కల్నల్ అనే హోదా లేదు. ఆ మాటకొస్తే ఆయన ఆఫీసరు కూడా కాదు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేరి, జూనియర్ వారెంట్ ఆఫీసర్‌గా రిటైరైన భువనగిరి మనిషి. మొదట్లో ఒకరిద్దరికి సరిచెప్పి చూశారు. తర్వాత ఊరుకున్నారు. ఎదురింటి మాస్టారిది గుంటూరు. సర్వీసంతా చరిత్ర పాఠాలు చెప్పి, ఉప్పల్‌లో స్థలం కొనబోయి నాచారంలో ఇల్లు కొన్నాయన. ఓ ఆదివారం పొద్దున్నే ఆయన ఒక అర్జీ పట్టుకుని గేటు తీశారు. రాష్ట్రపతి గారికి. విషయం: హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లోనే కన్నుమూసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్‌కు మరణానంతరం ‘మార్షల్ ఆఫ్ ది ఇండియన్ ఎయిర్‌ఫోర్స్’ హోదా ఇవ్వాలి.

కింద వీధివాళ్ల సంతకాలు బాగానే పడ్డాయి. అన్నిటికంటే పైన ఒక వరస ఖాళీగా ఉంచారు, కల్నల్ సాబ్ కోసం.

“నేను పెట్ట సారూ,” అన్నారీయన, చదవడం పూర్తి కాగానే.

“అదేమిటండీ! మీ సొంత డిపార్ట్‌మెంటు మనిషి కదా!”

“అందుకే పెట్ట.”

ఈ అర్జీ ఆలోచన మాస్టారికి టీవీ ముందు పుట్టింది. 2025 మే నెలలో పాకిస్తాన్ తన సైన్యాధిపతి అసీం మునీర్‌ను ఫీల్డ్ మార్షల్‌ను చేసింది. అలాంటి హోదా మన దగ్గర ఎవరికుందా అని ఆయన వెతికితే లెక్క మూడు దగ్గర ఆగిపోయింది. సైన్యంలో శాం మానెక్‌షా, కరియప్ప. వైమానిక దళంలో అర్జన్ సింగ్. నౌకాదళంలో సున్నా. “ఇన్నేళ్లకు ముగ్గురే. ఆ ముగ్గురిలో మన ఊరివాళ్లు ఒక్కరూ లేరు,” అన్నది మాస్టారి బాధ. పుట్టింది గుంటూరే అయినా హైదరాబాద్ సంగతి వచ్చినప్పుడు ఆయన ‘మన ఊరు’ అనే అంటారు.

కల్నల్ సాబ్ అర్జీని బోర్లించి, వెనక ఖాళీ జాగాలో బాల్‌పెన్‌తో యూనిఫారం చేతి అంచు గీశారు. మణికట్టు మీద ఒక వెడల్పు పట్టీ. దాని పైన ఒక సన్న పట్టీ వేసి, “ఎయిర్ వైస్ మార్షల్” అన్నారు. రెండోది వేసి, “ఎయిర్ మార్షల్.” మూడోది వేశాక పెన్ను అక్కడే ఆనించి పట్టుకున్నారు. “ఇగో, ఎయిర్ చీఫ్ మార్షల్. లతీఫ్ సాబ్ ఇక్కడి దాంక వచ్చిండు. ఫౌజు మొత్తం ఈ చెయ్యి కిందనే ఉంటది. దీని మీద ఇంక ఆఫీసు లేదు.” ఆ తర్వాత నాలుగో సన్న పట్టీ గీశారు. “ఇది మార్షల్. దీనికి కుర్చీ లేదు, ఫైలు లేదు, స్క్వాడ్రన్ లేదు. ఒక్కటే ఉంది, రిటైర్మెంట్ లేకపోవుడు. గంతే.”

మాటలో ఎకసెక్కం ఉన్నా విషయం నిజమే. ఐదు నక్షత్రాల హోదా అందుకున్నవారు కన్నుమూసేదాకా సర్వీసులో ఉన్నట్టే లెక్క. యూనిఫారం వేసుకోవచ్చు. కారుకు ఐదు నక్షత్రాల పలక ఉంటుంది. చేతికి లాంఛనంగా బేటన్ ఇస్తారు. ఒక్క విమానాన్ని ఇక్కణ్నుంచి అక్కడికి పంపమని ఆజ్ఞ ఇచ్చే అధికారం మాత్రం రాదు. ఇంకో తమాషా ఏమిటంటే, 1966 జనవరి దాకా మన వైమానిక దళాధిపతికి ఆ మూడో సన్న పట్టీ కూడా లేదు. 1965 యుద్ధం నడిపిన అర్జన్ సింగ్ అప్పటికి ఎయిర్ మార్షల్ మాత్రమే. యుద్ధం అయ్యాకే ఆ పదవిని ఎయిర్ చీఫ్ మార్షల్ స్థాయికి పెంచారు.

“సరే, అర్జన్ సింగ్‌కు ఎందుకిచ్చారో చెప్పండి,” అని మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇలాంటి ప్రశ్న అడిగితే కల్నల్ సాబ్‌ను ఆపడం కష్టం.

అర్జన్ సింగ్ 1919 ఏప్రిల్ 15న లయల్‌పూర్‌లో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది 1939 చివర కమిషన్ అందుకున్నారు. 1944లో ఇంఫాల్ యుద్ధంలో నంబర్ 1 స్క్వాడ్రన్‌ను నడిపినందుకు మౌంట్‌బాటన్ స్వయంగా వచ్చి ఆయన ఛాతీ మీద డీఎఫ్‌సీ పతకం గుచ్చారు. మరుసటి ఏడే ఆయన మీద కోర్టుమార్షల్ నడిచింది. కేరళలో ఇళ్ల కప్పుల మీదుగా మరీ కిందికి విమానం నడిపారన్నది అభియోగం. శిక్షణలో ఉన్న కుర్రవాడికి ధైర్యం రావాలంటే అలాంటివి చెయ్యక తప్పదన్నది ఆయన జవాబు. ఆ కుర్రవాడు దిల్‌బాగ్ సింగ్.

“ఆ దిల్‌బాగ్ సింగే మీ లతీఫ్ తర్వాత చీఫ్ అయిండు, 1981ల,” అన్నారు కల్నల్ సాబ్, పేకాటలో ముక్క దాచిపెట్టి వేసినంత సంబరంగా.

1947 ఆగస్టు 15న ఎర్రకోట మీదుగా వందకు పైగా విమానాలు ఎగిరినప్పుడు ముందున్నది అర్జన్ సింగే. 1964 ఆగస్టులో, 45 ఏళ్లకే, చీఫ్ అయ్యారు. ఏడాది తిరగ్గానే యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 1న పాకిస్తాన్ ట్యాంకులు ఛంబ్‌లో చొరబడి అఖ్నూర్ వైపు కదిలాయి. విమానాలు ఎంతసేపట్లో సిద్ధమవుతాయని రక్షణ మంత్రి వై.బి. చవాన్ అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే: గంటలో. ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి వాంపైర్లు, మిస్టేర్లు లేచాయి.

“లేచాయి. ఎన్ని తిరిగొచ్చాయి?” అని మాస్టారు అడ్డు తగిలారు. చరిత్ర చెప్పిన మనిషి. పుస్తకం రెండో వైపు కూడా తిప్పుతారు. “వాంపైర్లే నాలుగు పోయాయి. అసలవి అప్పటికే పాతబడ్డ విమానాలు. సెప్టెంబరు 6న పఠాన్‌కోట్ మీద దాడి జరిగితే నేల మీద నిలబెట్టిన విమానాలు కాలిపోయాయి. మర్నాడు కలైకుండాలో అదే కథ. మీరు చెప్పేది వీరగాథ, జరిగింది సగం సగం.”

“సగం సగమే. నేను కాదన్ననా? కానీ గంటల లేపిండు కదా. అఖ్నూర్ పోలే కదా. లడాయి అంటే గట్లనే ఉంటది సారూ, సున్నాతోని గెల్చుడు ఉండది.”

అర్జన్ సింగ్ 1969 జులైలో, 50 ఏళ్ల వయసుకు, దిగిపోయారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో రాయబారి, కెన్యాలో హైకమిషనర్, ఢిల్లీకి లెఫ్టినెంట్ గవర్నర్. మార్షల్ హోదా వచ్చేసరికి 2002 జనవరి. అప్పటికి ఆయన వయసు 82. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ చేతుల మీదుగా బేటన్ అందుకున్నారు. యుద్ధానికీ నక్షత్రానికీ మధ్య 36 ఏళ్లు గడిచాయి.

మాస్టారికి కావలసిన సందు దొరికింది. “అంటే 36 ఏళ్ల తర్వాత గుర్తొచ్చి ఇస్తే తప్పులేదు గానీ, మేం ఇప్పుడు గుర్తుచేస్తే తప్పా?”

ఇక లతీఫ్ కథ చెప్పే వంతు ఆయనది. ఆ కథ నిజంగానే గొప్పది. హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు అంటే మాత్రం సమాధానం ఇబ్బందిగా ఉంటుంది. 1923 జూన్ 9న ఈ ఊళ్లో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942లో కమిషన్ పొందారు. కరాచీ తీరం మీద వాపిటి, ఆడక్స్ లాంటి కాలం చెల్లిన విమానాలు నడిపారు. ఇంగ్లండ్‌కు ఎంపికై వెళ్లిన కొద్దిమంది భారతీయుల్లో ఒకరుగా హరికేన్, స్పిట్‌ఫైర్‌ల మీద తర్ఫీదు పొందారు. తిరిగొచ్చి బర్మా రంగంలో పోరాడారు. 1947లో దళాన్ని రెండు ముక్కలు చేసినప్పుడు, అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఆయన్ని తమతో రమ్మన్నారు. వాళ్లిద్దరూ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళాన్ని నడిపినవాళ్లే. లతీఫ్ రానన్నారు. మతం వేరు, దేశం వేరు అన్నది ఆయన లెక్క.

“ఇక్కడ ఒక్క క్షణం ఆగండి,” అన్నారు మాస్టారు. ఎదురుగా విద్యార్థులు లేకపోయినా గొంతు క్లాసులోలాగే మారింది. “ఆయన సొంత ఊరు అప్పటికి భారతదేశంలో లేదు. నిజాం చేరనంటున్నాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దించుతున్నాడు. 1948 సెప్టెంబరు 17 దాకా అదే పరిస్థితి. పుట్టిన సంస్థానం ఒక వైపు, వేసుకున్న యూనిఫారం ఒక వైపు. ఆ కుర్రాడికి పాతికేళ్లు. ఆ నిర్ణయం యుద్ధం గెలవడం కంటే తక్కువంటారా?”

కల్నల్ సాబ్ ఏమీ అనలేదు. టీ తెమ్మని లోపలికి కేకేశారు. ఒప్పుకోలేని మాట సరైనదని తోచినప్పుడు ఆయన చేసే పని అదే.

1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమైన రోజు ఢిల్లీ ఆకాశంలో టెంపెస్ట్ విమానాలతో ఫ్లైపాస్ట్ నడిపింది స్క్వాడ్రన్ కమాండర్ లతీఫ్. 1971 యుద్ధంలో ఆయన ఢిల్లీ ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు చూసే సహాయ అధిపతి. 1978 ఆగస్టు చివర నుంచి 1981 ఆగస్టు 31 దాకా చీఫ్. ఆ మూడేళ్లలోనే జాగ్వార్ దళంలోకి వచ్చింది. మిగ్-23, మిగ్-25 కూడా. దిగిపోబోయే రోజుల్లో, 58 ఏళ్ల వయసులో, ధ్వని వేగానికి మూడింతలకు దగ్గరగా వెళ్లే మిగ్-25లో ఎక్కి కూర్చున్నారు. ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నరు, ఫ్రాన్స్‌లో రాయబారి. భార్య బిల్కీస్ లతీఫ్ అలీ యావర్ జంగ్ కూతురు. ధారావి మురికివాడల్లో ఏళ్ల తరబడి పనిచేసి పద్మశ్రీ అందుకున్నారు. లతీఫ్ 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే పోయారు. వయసు 94.

“జాగ్వార్ల సంగతి నాకు చెప్పకుండ్రి,” అన్నారు కల్నల్ సాబ్ టీ గ్లాసు దించి. “1979ల మొదటి రెండు ఇంగ్లండ్ నుంచి వచ్చినప్పుడు నేను కొత్త ఎయిర్‌మన్‌ను. తర్వాత అంబాలాల వాటి ప్యానెళ్లు ఇప్పిన చెయ్యి ఇది. స్క్రూలు ఎక్కడెక్కడ బిగుసుకపోతయో కూడా యాదికుంది. లతీఫ్ సాబ్ గొప్పోడు కాదంటే నా నాలుక పడిపోతది. కానీ గొప్పోడికి ఇచ్చే హోదా కాదిది. లడాయిల ఫౌజు నడిపిన చీఫ్‌కు ఇచ్చేది. ఆయన చీఫ్‌గ ఉన్న మూడేండ్లు లడాయి రాలే. రాకపోవుడు మన అదృష్టం, ఆయన తప్పు కాదు. అట్లని రూల్ మార్చుతమా?”

“రూలా? ఏ రూల్లో ఉందండీ అలాగని?”

ఉన్నమాట చెప్పాలంటే, మాస్టారు గట్టిగా పట్టుకున్నది ఇక్కడే. కరియప్ప స్వతంత్ర భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి. 1947-48 కశ్మీర్ యుద్ధంలో పశ్చిమ రంగాన్ని నడిపారు గానీ అప్పుడాయన చీఫ్ కారు. ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది 1986లో. మానెక్‌షాకు 1973 జనవరిలోనే వచ్చింది, ఇంకా పదవిలో ఉండగానే. ముగ్గురికి మూడు కారణాలు, మూడు కాలాలు, ముగ్గురు ప్రధానులు. ఒకే కొలత ఎక్కడా కనపడదు. రాసిపెట్టిన అర్హతలంటూ లేనిచోట, ప్రభుత్వానికి ఎప్పుడు తోస్తే అప్పుడు.

భోజనాలయ్యాక కల్నల్ సాబ్ భువనగిరి వెళ్లాలి. ఉప్పల్ రింగ్‌రోడ్డులో బస్సు. “దింపి వస్తా పదండి,” అని మాస్టారు కూడా ఆటో ఎక్కారు. వాదన మధ్యలో ప్రత్యర్థిని బస్సెక్కించి చేతులు దులుపుకునే రకం కాదాయన.

ఆటో హబ్సిగూడ దగ్గర మెట్రో లైను కిందికి తిరిగి ఎన్‌జీఆర్‌ఐ గోడ వెంట పోతుంటే కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. స్టేడియం స్టేషన్ కనపడగానే మాస్టారికి ఇంకో అస్త్రం దొరికింది.

“ఇక్కడేనండీ, 2009 నవంబరు 5న సచిన్ ఆస్ట్రేలియా మీద 175 కొట్టింది.”

“కొట్టిండు. మూడు పరుగులతోని ఓడినం.”

“ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో మీ వైమానిక దళమే ఆయన్ని గ్రూప్ కెప్టెన్‌ను చేసింది. గౌరవ హోదా. ఒక్కరోజు సర్వీసు లేదు. బ్యాటు పట్టినవాడికి నాలుగు పట్టీలు కుట్టొచ్చు గానీ, నలభై ఏళ్లు విమానాలు నడిపినవాడికి ఇంకొక్క పట్టీ కుట్టకూడదా?”

కల్నల్ సాబ్ నవ్వారు. “సచిన్‌ను ఆ యూనిఫారంల చూసి పది మంది పిలగాండ్లు ఫారాలు నింపిండ్రనుకో, ఆ పట్టీల పని అయిపోయింది. అది భర్తీ కోసం. బతికున్నాయన చెయ్యికి కుట్టిండ్రు. మీరు కుట్టుమంటున్నది ఏ చెయ్యికి?”

మాస్టారు వెంటనే అందుకోలేకపోయారు. ఆటో సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ దాటింది. రింగ్‌రోడ్డు దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు సమాధానం దొరికింది: దేవయ్య. 1965 సెప్టెంబరు 7న సర్గోధా మీద దాడికి వెళ్లి తిరిగిరాని స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య, తన పాత మిస్టేర్‌తో వేగవంతమైన స్టార్‌ఫైటర్‌ను కూల్చాడని మనకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మహావీర చక్ర ఇచ్చింది 1988లో. “చనిపోయిన 23 ఏళ్లకు. మరి ఆ పతకం ఏ ఛాతీకి గుచ్చారు?”

“పతకం చేసిన పనికిస్తరు. పని చచ్చిపోదు. ర్యాంకు మనిషికిస్తరు. మనిషి తొడుక్కోవాలె, దానికి ఎదురొచ్చినోడు సెల్యూట్ కొట్టాలె. కరియప్ప, మానెక్‌షా, అర్జన్ సింగ్, ముగ్గురికీ బతికుండగనే ఇచ్చిండ్రు. ఆ ఒక్క పద్ధతన్న ఉండనియ్యిండ్రి.”

ఈ తేడా చిన్నదేమీ కాదు. 2015 జులైలో అబ్దుల్ కలాం భౌతికకాయం పాలం విమానాశ్రయానికి వచ్చినప్పుడు, చక్రాల కుర్చీలో వచ్చిన 96 ఏళ్ల అర్జన్ సింగ్ లేచి నిలబడి సెల్యూట్ చేసిన ఫొటో దేశమంతా చూసింది. ఆ హోదాకు అర్థం ఏమన్నా ఉంటే అది ఆ నిలబడటంలోనే ఉంది. అంతకు పదకొండేళ్ల ముందు ఆయన ఢిల్లీ దగ్గరి తన పొలం అమ్మి, మాజీ వైమానిక ఉద్యోగుల సంక్షేమానికి 2 కోట్ల రూపాయల ట్రస్టు పెట్టారు. దాన్ని కల్నల్ సాబ్ చెప్పేటప్పుడు గొంతు కాస్త మారుతుంది. ఆ ట్రస్టు ఉద్దేశించింది ఆఫీసర్లను మాత్రమే కాదు.

హోదా ఇచ్చినంత మాత్రాన సర్కారు దాన్ని మోస్తుందని కూడా లేదు. మానెక్‌షాకు ఫీల్డ్ మార్షల్‌గా రావలసిన జీతం బకాయిలు 2007లో గానీ చేతికి రాలేదు. కలాం వెళ్లి పలకరించాక, 1.3 కోట్ల రూపాయల చెక్కు ఆయనకు అందింది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన పోతే, అంత్యక్రియలకు కేంద్రం తరఫున వెళ్లింది మన కాకినాడ పళ్లంరాజు, అప్పటి రక్షణ సహాయ మంత్రి. మూడు దళాల అధిపతుల్లో ఒక్కరూ వెళ్లలేదు.

“అప్పుడు ఎయిర్ చీఫ్ ఎవరో చెప్పమంటారా?” మాస్టారు కళ్లు మెరిశాయి. “ఫాలీ హోమీ మేజర్. సికింద్రాబాద్‌లో పుట్టినాయన.”

“తెలుసు,” అన్నారు కల్నల్ సాబ్ ముక్తసరిగా. మేజర్ అంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. హెలికాప్టర్ పైలట్లలోంచి చీఫ్ అయిన మొదటివారాయన. 1992 అక్టోబరులో హిమాచల్‌లోని పర్వానూ దగ్గర రోప్‌వే తెగి జనం గాల్లో వేలాడితే, వాళ్లను కాపాడిన హెలికాప్టర్ నడిపి శౌర్య చక్ర అందుకున్నారు. “అంత్యక్రియలకు పోకపోవుడు తప్పే. ఎవరు పోకున్నా తప్పే. కానీ పర్వానూల ఆ తీగ దగ్గర హెలికాప్టర్ నిలబెట్టిన చేతులు తప్పు కావు.”

అర్జన్ సింగ్ దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారింది. 2017 సెప్టెంబరు 16న 98 ఏళ్ల వయసులో ఆయన పోతే, ఢిల్లీలో జెండాలు సగానికి దించారు, తుపాకుల వందనం, సుఖోయ్‌ల ఫ్లైపాస్ట్ జరిగాయి. రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ శ్మశానానికి వచ్చారు. అంతకు ముందు ఏడాదే బెంగాల్‌లోని పానాగఢ్ స్థావరానికి ఆయన పేరు పెట్టారు. మన దుండిగల్ వైమానిక దళ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పునాదిరాయి వేసినప్పుడు చీఫ్ కూడా ఆయనే. జాకిర్ హుస్సేన్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే, ఇది మాస్టారు వదలకుండా జతచేసిన మాట.

ఉప్పల్ స్కైవాక్ లిఫ్టులో పైకెళ్లి వరంగల్ రోడ్డు వైపు దిగబోతూ ఇద్దరూ గుండ్రటి వంతెన మీద కాసేపు నిలబడ్డారు. ఎదురుగా నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి.

“ఇంకొకటి చెప్పండి,” అన్నారు మాస్టారు. “1981 జూన్ 1న సైన్యాధిపతి అయిన కె.వి. కృష్ణారావు తెలుగాయన. ఆగస్టు 31 దాకా వైమానిక దళాధిపతి లతీఫ్. మూడు నెలలపాటు ఈ దేశపు నేలా ఆకాశమూ రెండూ మనవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ మాట ఏ పాఠంలో ఉంది?”

“నేను అప్పుడు అంబాలాల ఉన్న. ఒక్కడు గూడ గట్ల అనుకోలే సారూ. ఫౌజుల ఊరు లెక్కపెట్టరు.”

“మీరు లెక్కపెట్టరు. ఢిల్లీ లెక్కపెడుతుంది.”

బయటి ప్రపంచం ఏం చేస్తున్నదో చూస్తే ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి. అమెరికా వైమానిక దళంలో ఐదు నక్షత్రాల జనరల్ ఒకే ఒక్కరు, హ్యాప్ ఆర్నాల్డ్, 1949లో. తర్వాత కొరియా, వియత్నాం, గల్ఫ్ యుద్ధాలు వచ్చాయి. ఆ దళంలో ఐదో నక్షత్రం ఇంకెవరికీ రాలేదు. బ్రిటన్‌లో ట్రెంచార్డ్‌తో 1927లో మొదలైన మార్షల్ హోదా చాలాకాలం చీఫ్‌లకు రివాజుగా వచ్చేది. ఇంత చిన్న దళానికి ఇన్ని నక్షత్రాలెందుకని 1990లలో ఆపేశారు. ఆపి, మళ్లీ 2012లో యువరాజు చార్లెస్‌కు ఇచ్చారు. జర్మనీలో గోరింగ్‌కు హిట్లర్ కట్టబెట్టిన హోదా గురించి చెప్పనక్కర్లేదు. పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ దేశాధిపతిగా ఉంటూనే 1959లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. 2025 నవంబరులో వాళ్లు 27వ రాజ్యాంగ సవరణ చేసి, ఐదు నక్షత్రాల అధికారికి ఆ హోదా, దానితోపాటు కేసుల నుంచి రక్షణ, జీవితాంతం ఉండేలా రాసుకున్నారు.

“చూసిండ్రా? అర్జీలతోని, చప్పట్లతోని ఇచ్చుడు మొదలైతే అక్కడికే పోతది,” అన్నారు కల్నల్ సాబ్.

“మనం అక్కడికి పోం,” అన్నారు మాస్టారు. “మన దగ్గర ముగ్గురిలో ఒక్కరు కూడా కుర్చీ కోసం చెయ్యి చాపలేదు. ఆ భయం చూపించి న్యాయం ఆపకండి. సరే, లతీఫ్‌ను పక్కన పెడతాను. యుద్ధం నడిపిన చీఫ్‌కే ఇవ్వాలన్నారు కదా. పి.సి. లాల్ సంగతేమిటి?”

భువనగిరి మీదుగా పోయే యాదగిరిగుట్ట బస్సు వచ్చి ఆగింది. కల్నల్ సాబ్ ఎక్కలేదు.

ప్రతాప్ చంద్ర లాల్ 1969 నుంచి 1973 జనవరి దాకా వైమానిక దళాధిపతి. 1965లో జరిగిన పొరపాట్లు చూసిన మనిషి. విమానాలకు కాంక్రీటు షెల్టర్లు, సైన్యంతో ముందుగానే కలిసి ప్రణాళిక, ఇవన్నీ మరో యుద్ధం రాకముందే సరిచేయించారు. 1971 డిసెంబరులో తూర్పున కొద్ది రోజుల్లోనే ఆకాశం పూర్తిగా మనదైంది. 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీద మిగ్‌లు రాకెట్లు కురిపిస్తే గవర్నర్ అక్కడే రాజీనామా రాశాడు. రెండు రోజులకు 93 వేల మంది పాకిస్తానీలు లొంగిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా పంపిన మిసైల్ బోట్లు కరాచీ రేవును తగలబెట్టాయి. ఆ యుద్ధం నడిపిన ముగ్గురు చీఫ్‌లలో ఐదో నక్షత్రం సైన్యాధిపతి మానెక్‌షాకు ఒక్కరికే వచ్చింది. ఆ యుద్ధంలో లాల్ దగ్గర ప్రణాళికలు చూసినవాళ్లలో లతీఫ్ ఒకరు.

కల్నల్ సాబ్ చాలాసేపు రోడ్డు వైపు చూశారు. “లాల్ సాబ్‌కు ఇయ్యకపోవుడు తప్పే,” అన్నారు చివరికి. “ఆ కాగితం మీద లాల్ సాబ్ పేరు రాస్తే?”

“రాస్తే పెడతారా?”

“పెట్ట. బతికిలేడు కదా.”

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. తర్వాతి బస్సు వచ్చింది.

ఇద్దరి మాటా విన్నాక లతీఫ్ విషయంలో కల్నల్ సాబ్ వాదనే నిలుస్తుంది. దళం మొత్తాన్ని నడిపిన మనిషికి, నడిపే అధికారం లేని హోదా తెచ్చి తగిలిస్తే కొత్తగా కలిసేదేమీ లేదు. ఆయన పేరు తెలియనిది హైదరాబాద్‌కు. ఆ లోటు రాష్ట్రపతి సంతకంతో తీరదు, మన బడి పుస్తకాలతో తీరుతుంది. జాబితా సంగతిలో మాత్రం మాస్టారి మాటే సరైనది: మూడు దళాలు కలిసి గెలిచిన యుద్ధానికి ఒక్క దళానికే నక్షత్రం ఇచ్చి, మిగిలిన ఇద్దరినీ అలాగే వదిలేశారు. కరియప్పకు బేటన్ అందేనాటికి, 1982లోనే, లాల్ కన్నుమూశారు. నందా మాత్రం 2002 జనవరిలో, అర్జన్ సింగ్ బేటన్ అందుకున్న ఆ నెలలో, 86 ఏళ్ల వయసుతో బతికే ఉన్నారు. పక్కన ఇంకో బేటన్ చేయించడానికి అడ్డేమీ లేదు. ఆయన 2009 మే 11న పోయారు. భారత నౌకాదళంలో ఆ హోదా ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.